లేడీస్ సీటు

కండక్టరుగా పనిచేసినన్నాళ్ళూ నేను బస్సులో కూర్చున్నది తక్కువ. నాకంటూ ఒక సీటు ఉండేది గానీ, దాంట్లో ఎప్పుడూ ఒక బాలింతరాలో, మోకాళ్ళ నొప్పుల ముసలాయనో, వాళ్ళెవరూ లేకపోతే ఎవరిదో కోళ్ళగంపో ఉండేది. నేను కమ్మీకి ఆనుకుని నిలబడేవాణ్ణి. అందుకే రిటైరైన రోజున డిపోలో తోటివాళ్ళు శాలువా కప్పి, దండ వేసి, ఒక కుర్చీ బహుమతిగా ఇచ్చారు. టేకు కుర్చీ. వెడల్పాటి చేతులు, వాలితే నడుముకు హాయిగా ఉండే వీపు. “ఇన్నేండ్లూ నిలబడే ఉంటివి, ఇంగన్నా కూర్చోప్పా” అన్నాడు నాతో ఎక్కువ కాలం తిరిగిన డ్రైవరు. ఆయనే దాన్ని బస్సులో వెనక సీట్ల మధ్య ఇరికించి తెచ్చి మా ఊరి స్టేజీలో దింపిపోయాడు. నేను కళ్ళు తుడుచుకున్నాను. ఆ కుర్చీ మా ఇంట్లో ఎంత గొడవ తెచ్చిపెడుతుందో అప్పుడు నాకేం తెలుసు!

మాది పావగడ తాలూకా. కాస్త దూరం నడిస్తే ఆంధ్రా వచ్చేస్తుంది. బోర్డులన్నీ కన్నడంలో ఉంటాయి, వాటి కింద నిలబడి మేం మాట్లాడుకునేది తెలుగు. నా డ్యూటీ చాలా ఏళ్ళు బెంగళూరు రూటులో, ఆఖర్న పావగడకూ వై.ఎన్.హొసకోటకూ మధ్య. ఏ రూటైనా ఒకటే బతుకు. తెల్లవారకముందే ఇల్లు వదలడం, చీకటి పడ్డాక చేరడం. నైట్ హాల్టు పడితే అదీ లేదు. సెలవు రోజు నిద్రకే సరిపోయేది. కాబట్టి మా ఇంట్లో మధ్యాహ్నం ఎలా ఉంటుందో నాకు తెలియదు. మా ఆవిడకు తెలుసు. ఆ మధ్యాహ్నాలన్నీ ఆమెవే.

రిటైరైన మర్నాడు కూడా అలవాటు ప్రకారం కోడి కూయకముందే లేచి, స్నానం చేసి, విజిల్ ఉందో లేదోనని జేబు తడుముకున్నాను. విజిల్ ఉంది, ఊదడానికి బస్సు లేదు. ఏం చెయ్యాలో తోచక వంటింట్లోకి వెళ్ళాను. పాలు పొంగబోతుంటే “హోల్డాన్!” అని అరిచాను. మా ఆవిడ ఉలిక్కిపడి గరిటె జారవిడిచింది. డబ్బాలు అడ్డదిడ్డంగా ఉన్నాయనిపించి, పెద్దవి వెనక్కీ చిన్నవి ముందుకీ, లగేజీ సర్దినట్టు సర్దాను. ఆ పూట ఆమెకు ఉప్పు దొరకలేదు. సంగటి గెలికే కట్టె కూడా నేనే ఎక్కడో భద్రంగా పెట్టాను, ఎక్కడ పెట్టానో నాకే గుర్తులేదు.

“ఏమయ్యో, ఇది బస్సు కాదు. నీకు పుణ్యముంటాది, పోయి ఆ కుర్చీలో కూర్చో” అంది చేతులు జోడించి.

అలా నన్ను అరుగు మీదకు పంపింది ఆమే. ఈ సంగతి తర్వాత ఎన్నిసార్లు గుర్తుచేసినా ఒప్పుకోదు.

మా ఇంటి అరుగు పెద్దది. మధ్యాహ్నానికి నీడ పడుతుంది, బండలు చల్లగా ఉంటాయి. కుర్చీ దాని నట్టనడుమ వేసుకున్నాను. అక్కడ కూర్చుంటే వీధి కనిపిస్తుంది, వీధికి అవతల ఎదురింటి పెద్దమ్మ గడప, ఆమె ఇంటి వెనక నుంచి కొండ దాకా సోలార్ పలకలు. ఒకప్పుడు అదంతా శనక్కాయ చేలు. ఊళ్ళో చాలామంది పొలాలు సోలార్ పార్కుకు లీజుకిచ్చేశారు. మా చేను మాత్రం వాననీళ్ళు పారే వంక అవతల రాళ్ళ మిట్టన ఉండటంతో పార్కువాళ్ళకు అక్కర్లేకపోయింది. అందరూ అయ్యో పాపం అంటుంటే మా ఆవిడ ఒక్కతే సంబరపడింది. నేను టికెట్లు కొట్టుకుంటూ తిరుగుతుంటే ఆ చేను దున్నించి, విత్తించి, కాయ ఇంటికి చేర్చింది ఆమే. నేను సేద్యగాణ్ణని చెప్పుకోవడానికి నా దగ్గర ఉన్నది పట్టా ఒక్కటే.

కుర్చీ వచ్చిన కొద్దిరోజులకే, ఒక పూట హొసకోటకు పోయి కూరగాయలు తీసుకుని, మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చాను. వీధి మలుపు తిరిగేసరికి మా ఇంటి వైపు నుంచి ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. అన్నిటికన్నా పైన ఒక నవ్వు ఉంది. గొంతు విడిచి, ఊపిరందక, మధ్యమధ్యలో “అయ్యో, అయ్యో” అనుకుంటూ నవ్వే నవ్వు. ఎవరబ్బా ఈ మనిషి, వినేవాళ్ళకే నవ్వొచ్చేట్టుందే అనుకుంటూ గోడ పక్కనుంచి తొంగిచూశాను. మా ఆవిడ.

నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నవ్వు నాకు తెలుసుననే అనుకున్నాను. నాకు తెలిసింది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఇంత పెద్ద నవ్వు ఆమెలో ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. గోడ పక్కన కూరగాయల సంచితో నిలబడి, వినడానికి ఎంత బాగుందో అనుకున్నాను.

వీధిలోని ఆడవాళ్ళు అరుగంతా పరుచుకుని ఉన్నారు. నడుమ శనక్కాయల కుప్ప, ఒక్కొక్కరి ముందు ఒక్కో చేట. వానలు రాకముందు మా వైపు విత్తనానికి కాయలు ఒలిచే పని ఇది. మిషన్లో వేస్తే గింజ మీద పొర చిట్లుతుంది, సరిగా మొలవదు. అందుకని విత్తనం మాత్రం చేత్తోనే ఒలవాలి. ఏటా ఆ పని మా అరుగు మీదే జరుగుతుందట. వచ్చేవాళ్ళలో చాలామందికి ఇప్పుడు చేతికింద చేను లేదు. పొద్దున పార్కులో గడ్డి కోయడానికో పలకలు కడగడానికో పోతారు, మధ్యాహ్నం మా ఇంటికొస్తారు. కూలి ఇస్తాం, కానీ వాళ్ళు కూలి కోసమే రారు. కాయ చేతికి తగలకపోతే వాళ్ళకు ఆ నెల నెలలా ఉండదు.

నేను మెట్టెక్కాను. నవ్వు ఆగిపోయింది. చాపుకున్న కాళ్ళు ముడుచుకున్నాయి, కొంగులు భుజాల మీదికి వచ్చాయి. “పనుండాదక్కా, రేపొస్తాం” అంటూ ఒక్కొక్కరే చేటలు దులుపుకుని దిగిపోయారు. నేను దాన్ని మర్యాద అనుకున్నాను! రిటైరై వచ్చిన పెద్దమనిషిని చూసి లేచి నిలబడ్డారని లోలోపల మురిసిపోయి, పోయి కుర్చీలో కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరు ముగ్గురు వచ్చారు, వీధిలోంచే నన్ను చూశారు, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగారు. ఆ తర్వాత అదీ లేదు. మా ఆవిడ ఒక్కతే కుప్ప ముందు కూర్చుని ఒలుస్తుంటే, పాపం ఒంటరిదైపోయిందని నేను కుర్చీలోంచి బెంగళూరు రూటు కబుర్లు చెప్పాను. “ఊఁ” అనేది. ఆ ఊఁ కూడా రానురాను చిన్నదైపోయింది.

ఎలాగైనా వాళ్ళను రప్పించాలని పూనుకున్నాను. టీ పెట్టించి ఇస్తానని కబురు చేశాను. టీవీని కిటికీ దాకా జరిపి సీరియల్ పెట్టాను. కుర్చీని అరుగు ఈ చివరి నుంచి ఆ చివరికి మార్చాను. చివరికి వీధిలో పోయేవాళ్ళను స్టేజీలో పిలిచినట్టు “రండమ్మా రండి, లోపల ఖాళీ ఉండాది, ఎక్కండి ఎక్కండి!” అని పిలిచాను. వాళ్ళ నడక ఇంకా జోరైంది.

వీళ్ళు నాకు తెలియనివాళ్ళా? అందరూ నా బస్సెక్కినవాళ్ళే. చిల్లర దగ్గర నన్ను దులిపేసినవాళ్ళు, నా చేత మూటలు ఎత్తించుకున్నవాళ్ళు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక మరీ, బస్సు వాళ్ళదీ నేను వాళ్ళ పనివాణ్ణీ అన్నట్టుండేది. పార్కులో పలకలు కడిగే ఒకామె నాకు వరసకు మరదలు, ఒకసారి నా మెడలో విజిల్ లాక్కుని తానే ఊది బస్సు కదిలించింది. ఆమే ఇప్పుడు నన్ను చూస్తే తల వంచుకుని పోతోంది.

“వాళ్ళెందుకు వస్తాలేదు?” అని మా ఆవిడను అడిగాను.

“ఏమో, వాళ్ళకేం పనులుండాయో” అంది, నా వైపు చూడకుండా.

కుప్ప తరగడంలేదు. సాయంత్రాలు పడమట మబ్బు పడుతోంది. ఆమె మబ్బు వైపు చూసేది, కుప్ప వైపు చూసేది, చివరికి నా వైపు చూసేది. కూరలో కారం ఎక్కువైంది. నాకు ఆ కాయల గురించి పెద్ద బెంగ లేదు. ఆ నవ్వు కోసం బెంగ. గోడ పక్కనుంచి ఒక్కసారి విన్నాను, మళ్ళీ వినాలని ఉంది. నేను ఇంట్లో ఉంటే అది ఇక రాదేమోనని భయం పట్టుకుంది. అదే నిజమైతే నేను డ్యూటీలో ఉండటమే ఆమెకు మేలు కదా అనిపించి, ఆ రోజు అన్నం సరిగా తినలేకపోయాను.

ఇంట్లో ఊపిరాడక ఒక పూట పనేమీ లేకపోయినా చొక్కా వేసుకుని హొసకోట బస్సెక్కాను. అక్కడ ఒక టీ తాగి, అదే బస్సులో వెనక్కి బయల్దేరాను. బస్సు కిటకిటలాడుతోంది. ఆడవాళ్ళు మూటలతో నిలబడి ఉన్నారు, మా ఎదురింటి పెద్దమ్మ కూడా కమ్మీ పట్టుకుని ఊగుతోంది. ముందు సీట్లలో ముగ్గురు మగవాళ్ళు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. కండక్టరు కొత్త పిల్లవాడు, మెత్తనివాడు, గొంతు పెగలడంలేదు. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. సీట్లోంచి లేచాను.

“లేడీస్ సీటప్పా అది! రాసిండేది కనపళ్ళేదా? లేయండి, లేయండి!”

ముగ్గురూ దిగ్గున లేచారు. బస్సులో ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. “మనిషి రిటైరైనాడు గాని గొంతు రిటైరు కాలేదు” అని వెనక నుంచి ఎవరో అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పెద్దమ్మ సీట్లో స్థిరంగా కూర్చుని, నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగింది.

“బస్సులో అయితే బలే లేపుతావప్పా నువ్వు.”

“మరి? వాళ్ళ సీటు వాళ్ళకియ్యాల కదా పెద్దమ్మా.”

“అట్లయితే మద్యాన్నం పూట మీ ఇంటి అరుగు ఎవురి సీటు?”

నాకు వెంటనే అర్థం కాలేదు. మా ఇంటి అరుగు మాదే కదా అన్నాను.

“బస్సులో నువ్వు కండక్టరువి. నిన్ను తిడ్తాం, నీతో నగుతాం. ఇంట్లో నువ్వు యజమానివి. యజమాని పైన కుర్చీ ఏసుకోని కూర్చోంటే, కింద కాళ్ళు చాపుకోని అత్తల్నీ మొగుళ్ళనీ తిట్టుకునేదెట్లప్పా మేము?” అంది. “నీ పెండ్లాము ఈ మాట నీకు చెప్పగలదా? ఇంట్లోనుంచి బయటికి పో అని యాడన్నా చెప్తారా?” అని కూడా అంది.

ఉద్యోగమంతా ఎంతమందిని లేపాను! నిద్ర నటించినవాణ్ణి లేపాను, కాలు బెణికిందన్నవాణ్ణి లేపాను, డిపోలో పెద్ద సారు చుట్టాన్నని బెదిరించినవాణ్ణి లేపాను. చివరికి లేడీస్ సీటు నట్టనడుమ టేకు కుర్చీ వేసుకుని కూర్చున్నది నేనే. పైగా అందులో కూర్చునే, ఖాళీ ఉంది రండమ్మా అని పిలిచాను. నాకు నవ్వాగలేదు. పెద్దమ్మ కూడా నవ్వింది. మా స్టేజీ వచ్చేదాకా మా ఇద్దర్నీ చూసి మిగతావాళ్ళు నవ్వారు.

మర్నాడు భోంచేసి చెప్పులు వేసుకున్నాను. “నేను స్టేజీ కాడికి పోతాండా. సాయంత్రందాకా రాను. ఆ కుర్చీ పెద్దమ్మకు ఏసియ్యి, ఆమెకు మోకాళ్ళు వంగవు” అన్నాను మా ఆవిడతో.

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. ఎవరు చెప్పారని అడగలేదు. లోపలికి వెళ్ళి సీసాలో మజ్జిగ పోసి, ఉప్పు కలిపి, నా చేతికిచ్చింది. “ఎండలో తిరగద్దు” అంది. మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆ మజ్జిగ అంత రుచిగా ఇంతకుముందు ఎప్పుడూ అనిపించలేదు.

స్టేజీ దగ్గర షెడ్డులో నాకు బాగానే పొద్దుపోయింది. నాలాంటి ముసలివాళ్ళు అక్కడ మరికొందరున్నారు. వచ్చే ప్రతి బస్సు డ్రైవరూ నన్ను చూసి హారన్ కొట్టేవాడు. జనం ఎక్కడం అయ్యాక నేను కిందనుంచే విజిల్ వేసి “రైట్ రైట్” అనేవాణ్ణి. బస్సు కదిలిపోతుంటే నాకేదో పని జరిగినట్టుండేది. సాయంత్రం నెమ్మదిగా ఇంటికి నడిచి, మలుపు దగ్గర గోడ పక్కన ఆగేవాణ్ణి. ఆడవాళ్ళ మాటలు వినబడేవి, వాటి మీదుగా ఆ నవ్వు. కడుపు నిండేది. కాసేపు విని, గట్టిగా దగ్గి, వాళ్ళు సర్దుకుని దిగేదాకా ఆగి అప్పుడు వెళ్ళేవాణ్ణి.

సంతోషంగానే ఉన్నాను గానీ, అబద్ధమెందుకు, కొంచెం కుళ్ళు కూడా ఉండేది. ఏ మాటకు ఆమె అంతగా నవ్వుతుందో నాకు తెలియదు. రాత్రి అన్నాల దగ్గర అడిగితే, “ఏముండాది, ఊరికే” అనేది. ఆ ఊరికేలో ఏముందో తెలుసుకోవాలని నాకు చిన్నపిల్లవాడిలా ఉండేది.

ఇంతలో ఒక సాయంత్రం వాన పడింది. నిలబడి కురిసింది. తెల్లారేసరికి సోలార్ పలకలన్నీ కడిగిన పళ్ళేల్లా ఉన్నాయి, వంక అవతల మా చేను నల్లబడింది. మట్టి పిడికిట్లో ముద్ద కడితే విత్తడానికి పదునైందన్నమాట. ఆ పదును ఎండకు నిలవదు. మర్నాడే విత్తాలని మా ఆవిడ మనుషులను మాట్లాడింది. కుప్పలో కాయ ఇంకా మిగిలే ఉంది. నేను పోగొట్టిన మధ్యాహ్నాలు అవి.

నేను రోజూలాగే స్టేజీకి వెళ్ళాను. షెడ్డులో కూర్చుని ఉండగా, రోడ్డు మీద మా ఆవిడ వస్తూ కనిపించింది. నన్ను పిలుచుకుపోవడానికి ఆమె స్టేజీ దాకా ఎప్పుడూ రాలేదు. షెడ్డులో వాళ్ళంతా మాటలు ఆపి చూశారు.

“రాయ్యా ఇంటికి. పదును పోతాది, చేతులు చాల్లేదు” అంది కాస్త ఆయాసపడుతూ.

“మరి ఆడోళ్ళు? వాళ్ళేమంటారో?”

“వాళ్ళే పిల్చుకోని రమ్మన్న్యారు.”

“కుర్చీ?”

“కుర్చీలో పెద్దమ్మ ఉండాది. నీకు కిందనే.”

ఆమె ముందు, నేను వెనక నడిచాం. బస్సు మొదటిసారి ఎక్కిన కొత్త కండక్టరులా దారంతా జేబులో విజిల్ తడుముకుంటూనే ఉన్నాను.

పెద్దమ్మ నా కుర్చీలో, కాళ్ళు నేలకందక ఊపుకుంటూ, ఒళ్ళో చేట పెట్టుకుని ఒలుస్తోంది. నన్ను చూడగానే మాటలు ఆగాయి. రెండు మూడు కాళ్ళు ముడుచుకోబోయాయి. నేను ఎవరి వైపూ చూడకుండా గోడవారగా చాప అంచున కూర్చుని, పిడికెడు కాయలు ముందుకు లాక్కున్నాను. ఏళ్ళ తరబడి టికెట్లు చింపిన బొటనవేలు ఇది, కాయ ఒక లెక్కా అనుకుని నొక్కాను. కాయతో పాటు లోపలి గింజ కూడా రెండు బద్దలైంది. ఇంకోటి నొక్కాను. అదీ అంతే.

విజిల్ లాక్కున్న మరదలు ఆ బద్ద తీసి అందరికీ కనిపించేలా పైకెత్తింది. “అక్కా, మా బావ ఒలిచేది విత్తనానికి కాదు, చట్నీకి!”

ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆవిడ లోపలికి వెళ్ళి ఒక గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. “నీవి దీంట్లో ఎయ్యి. వాటిల్లో కలపద్దు.” ముడుచుకున్న కాళ్ళు మెల్లగా మళ్ళీ చాచుకున్నాయి. ఆగిపోయిన కథ ఎవరిదో అత్త గురించి, అది మళ్ళీ మొదలైంది. నేను తల వంచుకుని ఒలుస్తూ విన్నాను. ఆ అత్త ఎవరో నాకు తెలుసు, నా బస్సులో చాలాసార్లు వచ్చింది. అయినా నోరెత్తలేదు.

పార్కులో పని దిగి ఆలస్యంగా ఒకామె చేట చంకన పెట్టుకుని వచ్చింది. అరుగంతా నిండిపోయింది. మెట్టు మీద నిలబడి అటూ ఇటూ చూసి, చివరికి నా మీద కన్ను వేసింది.

“కండక్టరన్నా, లోపలికి జరుగు, లోపలికి జరుగు! లోపల శానా ఖాళీ ఉండాది!”

మాట నాదే, రాగం నాదే, చివర్న సాగదీయడం కూడా నాదే. ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో, నాకు మాత్రం అంతవరకూ ఎవరూ చెప్పలేదు. అరుగంతా గొల్లున నవ్వింది. మా ఆవిడ చేట పక్కన పెట్టేసి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే, ఊపిరందక “అయ్యో, అయ్యో” అనుకుంటూ నవ్వుతోంది. గోడ అవతల నుంచి కాదు, నా మోకాలికి ఆమె మోకాలు తగిలేంత దగ్గర. ఎవరూ లేవలేదు. నేను గిన్నె ఎత్తుకుని లోపలికి జరిగాను.